శనివారం సాయంత్రం యక్షప్రశ్న

ద్వైతవనంలో మడుగు ఒడ్డున నలుగురు తమ్ముళ్లూ విగతజీవులై పడి ఉన్నారు. ధర్మరాజు దాహాన్ని దిగమింగుకొని యక్షుడికి సమాధానాలు చెబుతున్నాడు. ప్రశ్నల పరంపర ముగింపుకు వస్తుండగా యక్షుడు అడిగాడు, ఈ లోకంలో సంతోషంగా ఉన్నవాడెవడని. యాగాలు చేసినవాడనో, రాజ్యం ఏలినవాడనో, సర్వసంగ పరిత్యాగి అనో ధర్మరాజు చెప్పి ఉంటే మనకేమీ ఆశ్చర్యం కలగదు. ఆయన అలా చెప్పలేదు. అయిదో నాడో ఆరో నాడో అయినా సరే, తన ఇంట్లో ఇంత ఆకుకూర వండుకొని తినేవాడు, ఎవరికీ అప్పు లేనివాడు, ఇల్లు విడిచి పరాయిచోట కాలం గడపవలసిన అగత్యం లేనివాడు ఎవడో అతడే సంతోషి అన్నాడు. ఈ మాట అన్నది జూదంలో రాజ్యాన్ని, తమ్ముళ్లను, చివరకు ధర్మపత్నిని కూడా ఒడ్డి పోగొట్టుకొన్నవాడు. పన్నెండేళ్లు అడవుల్లో తిరిగిన తరువాత అన్నాడు. లెక్క తప్పడమంటే ఏమిటో ఆయనకు తెలిసినంతగా మరొకరికి తెలియదు.

ఆ సమాధానాన్ని మనసులో ఉంచుకొని ఒక శనివారం సాయంత్రం మీరు దిల్‌సుఖ్‌నగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగి చూడండి. ఊరి పేరులోనే మనసుకు సుఖం ఉంది. కోచింగ్ సెంటర్ల బోర్డులు, వాటి నడుమ హాస్టళ్ల బోర్డులు, కింద బట్టల దుకాణాలు, మిర్చిబజ్జీల బండ్లు, బిర్యానీ వాసనలు. ప్రతి బండి మీదా అతికించిన చతురస్రపు గళ్ల బొమ్మ, దాని పక్కనే సొమ్ము ముట్టిందని గట్టిగా ప్రకటించే చిన్న పెట్టె. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట నుంచి ఎల్‌బీ నగర్ వరకు మెట్రో రైలు మొదలైన తరువాత నగరంలోని వినోదమంతా ఈ పిల్లలకు అరచేతి దూరంలోకి వచ్చింది. సూర్యాపేట, నల్లగొండ, దేవరకొండ, ఖమ్మం వైపు నుంచి వచ్చే పిల్లలు సంచి భుజాన వేసుకొని బస్సు దిగేది ఎల్‌బీ నగర్ కూడలిలోనే. చదువుకో, ఉద్యోగానికో ఇల్లు విడిచి వచ్చినవారు కనుక ధర్మరాజు చెప్పిన వాటిలో ఒకటి వీరికి మొదటనే తప్పిపోయింది. అప్పు లేకుండా ఉండడం మాత్రం ఇంకా వీరి చేతిలోనే ఉంది. అది కూడా ఎలా జారిపోతుందో మా ఇంట్లోనే చూశాను కాబట్టి ఈ నాలుగు మాటలు మీతో పంచుకొంటున్నాను.

మా అక్క కొడుకు సూర్యాపేటలో డిగ్రీ పూర్తి చేసి, ఏడాదిపాటు పోటీ పరీక్షల శిక్షణ తీసుకొని, తరువాత ఒక ప్రైవేటు సంస్థలో చేరాడు. వయస్సు ఇరవై మూడు. జీతం ఇరవై రెండు వేలు. భోజనంతో కలిపి హాస్టలుకు ఏడు వేలు. నెల మొదట్లోనే ఇంటికి అయిదు వేలు పంపేవాడు. వ్యసనాలు లేవు. గురువారం తప్పకుండా దిల్‌సుఖ్‌నగర్ సాయిబాబా గుడికి వెళతాడు. ఇటువంటి పిల్లవాడికి డబ్బు కష్టం వస్తుందని ఎవరు అనుకొంటారు? ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చి, అన్నం కెలుకుతూ కూర్చొన్నాడు. అడిగితే చెప్పలేదు. సాయంత్రం కొత్తపేట వాసవీ కాలనీలోని అష్టలక్ష్మీ ఆలయానికి తీసుకువెళ్లాను. ప్రదక్షిణలు అయ్యాక మండపంలో కూర్చొన్నప్పుడు నోరు విప్పాడు. క్రెడిట్ కార్డు బాకీ ఇరవై నాలుగు వేల దరిదాపుల్లో ఉందట.

దేనికి ఖర్చయిందని అడిగితే తెలియదన్నాడు. అతడు అబద్ధం చెప్పలేదు, నిజంగానే తెలియదు. అప్పుడు ఇద్దరం కూర్చొని అతడి ఫోనులో గడచిన నెల చెల్లింపులన్నీ కాగితం మీదికి ఎక్కించాము. సోమవారం నుంచి శుక్రవారం సాయంత్రం దాకా అయిదు రోజులకూ కలిపి తొమ్మిది వందలు. ఆఫీసుకు రానుపోను, టీ, మధ్యాహ్నం ఏదో తినుబండారం. ఆ తరువాతి రెండు రోజులకు రెండు వేల వంద! సినిమా, సినిమా మధ్యలో టిక్కెట్టు కంటే ఎక్కువ ధర పలికే మక్కపేలాలు, ఒకరి పుట్టినరోజు విందు, మరొకరికి బదులు విందు, నాగార్జునసాగర్ దాకా మోటారు సైకిలు మీద పోయి రావడం, ఆదివారం రాత్రి పడుకొని ఫోనులో చూసి కొన్న బూట్లు. వారానికి మూడు వేలు, నాలుగు వారాలకు పన్నెండు వేలు. చేతిలో మిగులుతున్నది పది వేలు. నెలకు రెండు వేలు తక్కువ. పది నెలలకు ఇరవై వేలు, దాని మీద వడ్డీ. ఏ ఒక్క ఖర్చూ తప్పు పట్టదగినంత పెద్దది కాదు. అందువల్లనే అది అతడి కంట పడలేదు.

మన పెద్దలకు ఈ లెక్క తెలియనిది కాదు. భాగవతం అష్టమ స్కంధంలో వామనుడు మూడడుగులు అడిగినప్పుడు శుక్రాచార్యుడు బలి చక్రవర్తిని వారించిన ఘట్టం మీకందరికీ తెలుసు. వచ్చినవాడు విష్ణువని హెచ్చరించడం దాకా మనం గుర్తు పెట్టుకొంటాము. ఆ సందర్భంలోనే గురువు గృహస్థు ధనాన్ని ఎలా పంచుకోవాలో కూడా చెప్పాడు. ధర్మానికి ఒక భాగం, కీర్తికి ఒక భాగం, తిరిగి ధనాన్ని వృద్ధి చేయడానికి ఒక భాగం, తన సుఖానికి ఒక భాగం, తనవారికి ఒక భాగం. ఇలా అయిదు విధాలుగా విభజించుకొన్నవాడు ఇక్కడా పరలోకంలోనూ ఆనందిస్తాడన్నాడు. జీవనాధారాన్నే దెబ్బతీసే దానం మెచ్చదగినది కాదని కూడా అన్నాడు. బలి ఆ మాట వినలేదు, వినకపోయినందుకే ఆయనను మనం స్మరించుకొంటున్నాము. కానీ బలి ఇచ్చింది సాక్షాత్తు శ్రీహరికి. మనవాడు ఇచ్చింది పెద్ద తెర సినిమాహాలులో మక్కపేలాలు అమ్మేవాడికి. ఈ తేడా ఉంది కనుక గురువుగారి సలహా మనవాడికి వర్తిస్తుందనే నా అభిప్రాయం.

శుక్రుడు సుఖానికి కూడా ఒక భాగం కేటాయించాడు, గమనించండి. సినిమా చూడవద్దని, మిత్రులతో తిరగవద్దని ఆయన అనలేదు. అది అయిదింటిలో ఒకటి అన్నాడంతే. మా వాడి కాగితం మీద ఈ అయిదు పేర్లూ రాసి చూశాము. తనవారికి అయిదు వేలు వెళుతున్నాయి, చాలా మంచిది. ధర్మానికి గురువారం హుండీలో వేసే పదో ఇరవయ్యో. వృద్ధికి సున్న. మిగిలినదంతా సుఖానికీ, కీర్తికీ. కీర్తి అంటే పూర్వం చెరువు తవ్వించడం, సత్రం కట్టించడం. ఈ కాలపు కుర్రవాడికి కీర్తి అంటే పదిమందికి విందు ఇచ్చి ఆ ఫోటో ఫోనులో పెట్టుకోవడం. బూట్లు సుఖం పద్దులోకి వస్తాయా, కీర్తి పద్దులోకి వస్తాయా అన్నదాని మీద మేమిద్దరం కొంచెం వాదించుకొన్నాము కూడా. ఎదురుగా ఆలయంలో ధనలక్ష్మి ఒక మూర్తి మాత్రమే. ధాన్యలక్ష్మి వేరు, వీరలక్ష్మి వేరు, విజయలక్ష్మి వేరు. అన్నింటినీ ఒక్కదానితో కొనవచ్చునని అనుకోవడం వల్లనే పిల్లలు చిక్కుల్లో పడుతున్నారేమో.

ఇక వడ్డీ సంగతి. మన ఊళ్లలో వడ్డీని రూపాయల్లో చెప్పుకొంటాము. నూటికి నెలకు రెండు రూపాయలంటే రెండు రూపాయల వడ్డీ. మూడు రూపాయల వడ్డీకి ఇచ్చేవాడిని ఊరంతా శాపనార్థాలు పెడుతుంది. మా వాడి కార్డు మీద నెలకు మూడున్నర శాతం. శాతం అనేసరికి పిల్లలకు అది చదువుకొన్న మాటలా వినిపిస్తుంది. మూడున్నర రూపాయల వడ్డీ అంటే ఒళ్లు జలదరిస్తుంది. ఇరవై నాలుగు వేల మీద నెలకు ఎనిమిది వందల నలభై వడ్డీ, దాని మీద నూటికి పద్దెనిమిది చొప్పున జీఎస్‌టీ నూట యాభై ఒకటి, కలిపి తొమ్మిది వందల తొంభై ఒకటి. బిల్లు మీద కనీసం చెల్లించవలసినదని చూపించే మొత్తం అయిదు శాతం అనుకొంటే పన్నెండు వందలు. ఆ పన్నెండు వందలు కట్టి, ఈ నెల బాధ్యత తీరిపోయిందని పిల్లవాడు గుండె మీద చేయి వేసుకొని పడుకొంటాడు. అసలులో తరిగింది రెండు వందల తొమ్మిది రూపాయలు!

కౌటిల్యుడు అర్థశాస్త్రంలో వడ్డీలను వర్గీకరించాడు. నూరు పణాలకు నెలకు ఒకటింబావు పణం ధర్మసమ్మతమైన వడ్డీ. వర్తకులకైతే అయిదు. అడవుల మీదుగా సరుకు తరలించేవారికి పది, సముద్రం మీద వెళ్లేవారికి ఇరవై. దొంగలు దోచుకోవచ్చు, ఓడ మునిగిపోవచ్చు కనుక అంత ఎక్కువ. మా వాడి ఇరవై నాలుగు వేలకు ధర్మవడ్డీ లెక్కగడితే నెలకు మూడు వందలు. అతడు కడుతున్నది దానికి మూడు రెట్లకు పైమాట. ఏ అడవీ దాటకుండా, ఏ సముద్రమూ ఈదకుండా, చైతన్యపురిలో మంచం మీద పడుకొని కొన్న బూట్లకు!

ఇక్కడితో ఆగి ఉంటే బాగుండేది. నాతో ఆ సాయంత్రం చెప్పింది సగమే. కార్డు వాయిదా కట్టడానికి అతడు అప్పటికే ఫోనులో ఒక అప్పు యాప్‌ను ఆశ్రయించాడు. అయిదు వేలు అప్పు అని చూపించి, ముందుగానే కోతలు కోసుకొని మూడున్నర వేలే చేతికిచ్చారు. వారం తిరగగానే అయిదు వేలూ కట్టాలి. అప్పు తీసుకొనేటప్పుడు ఫోనులోని పేర్లు, నంబర్లు చూడడానికి అనుమతి అడిగితే, చదవకుండానే అంగీకారం నొక్కేశాడు. శ్రావణ శుక్రవారం నాడు సూర్యాపేటలో మా అక్క పసుపు రాసుకొని పేరంటానికి బయలుదేరుతుండగా ఆమెకు ఫోను వచ్చింది. మీ కొడుకు దొంగ అని ఎవరో అపరిచితుడు అనరాని మాటలు అన్నాడు. ఆమె పేరంటానికి వెళ్లలేదు. బావగారు ఆ రాత్రే ఎడ్లను అమ్మే మాట ఎత్తారు.

తెలంగాణలో ఈ యాప్‌ల వేధింపులు భరించలేక 2020 చివరి నెలల్లో కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. అప్పుడు పోలీసులు పలువురిని అరెస్టు చేశారు. ఆ ఏడాది డిసెంబరు 23న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించింది. 2022 సెప్టెంబరులో మార్గదర్శకాలు వెలువరించింది. వాటి ప్రకారం అప్పు సొమ్ము బ్యాంకు లేదా రిజర్వు బ్యాంకు నియంత్రణలోని ఆర్థిక సంస్థ నుంచి నేరుగా మన ఖాతాలోకే రావాలి. ఏడాదికి మొత్తం ఎంత భారం పడుతుందో ముందుగానే కాగితం మీద చూపాలి. ఫోనులోని పేర్ల పట్టికను, ఫోటోలను తడమకూడదు. తీసుకొన్న వెంటనే మనసు మారితే, అసలు, అన్ని రోజుల వడ్డీ మాత్రం కట్టి జరిమానా లేకుండా బయటపడడానికి గడువు ఇవ్వాలి. మా వాడిని పీడించినవారు వీటిలో ఒక్కటీ పాటించలేదు. అటువంటి వేధింపు ఎదురైతే సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930 ఉంది. మేము దానికి ఫోను చేసి, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చాము. ఫోన్లు కొన్నాళ్లకు ఆగిపోయాయి. అక్క మాత్రం చాలా రోజులు తెలియని నంబరు మోగితే ఉలిక్కిపడేది.

ఎడ్లను అమ్మవద్దని బావగారికి నచ్చజెప్పడానికి నేను యాజ్ఞవల్క్య స్మృతిని ఆశ్రయించవలసి వచ్చింది. కుటుంబం కోసం చేసినది కాకపోతే, కొడుకు చేసిన అప్పుకు తండ్రి బాధ్యుడు కాడని అందులో ఉంది. ఆయన నవ్వారు. ధర్మశాస్త్రం ఆ యాప్ నడిపేవాళ్లకు చెప్పు బావా అన్నారు. నవ్వినా, ఎడ్ల మాట మళ్లీ ఎత్తలేదు. అప్పు ఎవరు చేశారో వారే తీర్చాలని అందరమూ ఒక మాట మీదికి వచ్చాము. కార్డు ఇచ్చిన బ్యాంకుకు స్వయంగా వెళ్లి అడిగితే బాకీ మొత్తాన్ని తక్కువ వడ్డీతో పన్నెండు వాయిదాలుగా మార్చారు. నెలకు సుమారు రెండు వేల రెండు వందలు. ఈ సదుపాయం ఉందని అతడికి తెలియదు, అడగడానికి సిగ్గు. మీ పిల్లలకైనా చెప్పండి.

అప్పు పాపమని నేను అనడం లేదు. అలా అంటే కొండ మీది స్వామిని ఏమనాలి? పద్మావతీదేవితో పెళ్లికి కుబేరుడి వద్ద అప్పు చేసి, కలియుగాంతం దాకా వడ్డీ కడుతున్న వడ్డికాసులవాడు మన ఇలవేలుపు. అయితే ఆ అప్పు చేసిన పద్ధతి చూడండి. పత్రం రాశారు, బ్రహ్మరుద్రులు సాక్షులుగా నిలిచారు, గడువు ఇంత, వడ్డీ ఇంత అని ముందే తేల్చుకొన్నారు. జగద్రక్షకుడే పత్రం చదివి సంతకం పెట్టాడు. మన పిల్లలు చదవకుండా వేలు నొక్కుతున్నారు.

ఎల్‌బీ నగర్‌లో రోజూ తిరిగే యువకుల్లో ఆ రెండక్షరాల పూర్తి రూపం ఎందరికి గుర్తుంటుందో నాకు సందేహమే. లాల్ బహదూర్ నగర్. ఆ పేరుగల మహనీయుడు కూడా అప్పు చేశాడు. లాల్ బహదూర్ శాస్త్రి ప్రధానమంత్రిగా ఉన్న రోజుల్లో ఇంట్లోవాళ్లు ఒక కారు ఉంటే బాగుంటుందన్నారు. ఫియట్ కారు ధర అప్పుడు పన్నెండు వేలు. ఖాతాలో ఉన్నది ఏడు వేలు. మిగిలిన అయిదు వేలకు పంజాబ్ నేషనల్ బ్యాంకులో రుణం తీసుకొన్నారు. 1966 జనవరి 11న తాష్కెంటులో ఆయన కన్నుమూసే నాటికి అది తీరలేదు. లలితా శాస్త్రి తనకు వచ్చే పెన్షను నుంచి ఆ బాకీ తీర్చారని కుమారుడు అనిల్ శాస్త్రి చెప్పారు. దేశంలో ధాన్యం కొరత తీవ్రంగా ఉన్న 1965లో వారానికి ఒక పూట, సోమవారం రాత్రి భోజనం మానండని ఆయన ప్రజలను కోరితే ఎన్నో ఇళ్లలో ఆ పూట పొయ్యి వెలిగించలేదు. మన ఇళ్లకు అది కొత్తా? ఏకాదశి, శనివారం, కార్తిక సోమవారం ఉపవాసాలు మనకు అలవాటే. మా వాడికి ఇదే చెప్పాను. నెలకు రెండు వారాంతాలు జేబుకు ఉపవాసం పెట్టమని.

నిజం చెప్పాలంటే తప్పు పిల్లవాడిది మాత్రమే కాదు. మేము వాడికి విష్ణుసహస్రనామం నేర్పాము, సంధ్యావందనం నేర్పాము. ఇంట్లో బియ్యానికి ఎంత అవుతుందో, పత్తి మీద ఎంత అప్పు తెచ్చామో, ఎలా తీర్చామో ఒక్కనాడూ వాడి ముందు మాట్లాడలేదు. డబ్బు మాట పిల్లల దగ్గర ఎత్తడం మర్యాద కాదనుకొన్నాము. తైత్తిరీయోపనిషత్తులో గురుకులం వదిలి వెళ్లే శిష్యుడికి గురువు సత్యాన్ని, ధర్మాన్ని విడువవద్దని చెప్పిన నోటితోనే క్షేమాన్ని, ఐశ్వర్యాన్ని కూడా ఏమరవద్దని చెప్పాడు. వేదం చెప్పిన గురువుకు లేని మొహమాటం మనకెందుకు వచ్చిందో! విదురుడు నిద్రపట్టని ధృతరాష్ట్రుడికి రాత్రంతా నీతి చెబుతూ, సుఖంగా నిద్రపోవడానికి పగలు ఏం చేయాలో, వానకాలం గడవడానికి మిగిలిన ఎనిమిది నెలలూ ఏం చేయాలో, వార్ధక్యం గడవడానికి వయసులో ఏం చేయాలో వరుసగా చెప్పుకొచ్చాడు. ఆ క్రమంలో నాకు నచ్చింది మొదటిది. ఇరవై మూడేళ్లవాడికి వార్ధక్యం గురించి చెబితే చెవికెక్కదు. ఈ రాత్రి నిద్ర గురించి చెబితే వింటాడు. అప్పటికి మూడు నెలలుగా వాడు సరిగా నిద్రపోలేదు.

ఇప్పుడు వాడి శనివారాలు కొంత మారాయి. వాయిదా పోగా చేతికి వచ్చేది ఏడు వేల ఎనిమిది వందలు, అంటే వారానికి పందొమ్మిది వందల యాభై. అందులో వారాంతానికి వెయ్యీ యాభై. సినిమా నెలకు ఒకటి. శనివారం ఉదయం కర్మన్‌ఘాట్ ధ్యానాంజనేయస్వామి సన్నిధికి నడిచి వెళతాడు. గుడిని కూల్చడానికి వచ్చిన మొగలు చక్రవర్తికి, మనసు గట్టి చేసుకొని రా అన్న అర్థంలో ‘కర్ మన్ ఘట్’ అని గర్భాలయం నుంచి మాట వినిపించిందని, దాని నుంచే ఆ పేరు వచ్చిందని స్థలకథ. ఫోనులో తగ్గింపు ధరల కబురు వచ్చినప్పుడల్లా ఆ మాటే అనుకొంటున్నానని వాడు చెబితే నాకు నవ్వొచ్చింది. ప్రతిసారీ నిలబడడం లేదనుకోండి. గత నెల మళ్లీ ఒక చేతి గడియారం కొన్నాడు. పుస్తకంలో అది కీర్తి పద్దు కింద రాసి ఉంది. సుఖం పద్దు అని నేను వాదించలేదు.

పుస్తకం సంగతి చెప్పాలి. ఉగాది నాడు మా ఆవిడ వాడికి రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి ఇచ్చింది. మొదటి పేజీ పైన ‘శ్రీ’ రాసి, నాలుగు మూలలా పసుపు పెట్టి. మన వర్తకులు కొత్త ఖాతా తెరిచేది ఇలాగే కదా. ఆదివారం ఉదయం వాడు సరూర్‌నగర్ రైతు బజారుకు వెళ్లి మాకు కూడా కూరలు తెస్తాడు. వచ్చాక ఆ వారం లెక్క రాస్తాడు. ఫోనులో అన్నీ కనబడుతుండగా మళ్లీ చేత్తో రాయడం ఎందుకని మొదట్లో విసుక్కొన్నాడు. ఇప్పుడు విసుక్కోవడం లేదు. రాసేటప్పుడు కొన్ని అంకెల దగ్గర కలం ఆగుతుంది, నేను చూస్తూనే ఉంటాను.

హాస్టల్లో వంట కుదరదు. అందుకని ఆదివారం మా వంటింట్లో తోటకూర పప్పు వాడే చేస్తున్నాడు. ఉప్పు ఒక్కోసారి ఎక్కువ. ధర్మరాజు అయిదో నాడో ఆరో నాడో అన్నాడు, వీడికి ఏడో నాడు కుదురుతోంది. మొన్నటి ఆదివారం మా అక్క కూడా సూర్యాపేట నుంచి వచ్చింది. భోజనం అయ్యాక పుస్తకం తెప్పించుకొని, కళ్లజోడు పెట్టుకొని, ఒక్కొక్క పద్దూ వేలు పెట్టి చదివింది. చివరి పేజీలో వాడి దస్తూరీతో ‘ఇంకా రెండు వాయిదాలు’ అని ఉంది. ఆమె పుస్తకం మూసి, దేవుడి గూట్లో పెట్టబోయి, మళ్లీ ఏమనుకొందో, వాడి చేతికే ఇచ్చింది.